కంప్యూటర్‌లో సౌండ్ రాకపోతే, వాల్యూమ్ మన మాట వినకపోతే: ఏది ముందు చూడాలి, ఏది తర్వాత

సౌండ్ రావడం లేదనగానే చాలామంది చేసే మొదటి పని డ్రైవర్ (సౌండ్ చిప్పును విండోస్‌తో కలిపే ప్రోగ్రాము) తీసేసి మళ్లీ ఎక్కించడం. నా లెక్కలో అది చివరి పనుల్లో ఒకటి. డ్రైవర్ జోలికి పోకుండానే తేలిపోయే సమస్యలు చాలా ఉంటాయి. శబ్దం స్పీకర్‌కు బదులు మానిటర్‌కు వెళ్తుంటుంది. మిక్సర్‌లో, అంటే ఒక్కో యాప్ వాల్యూమ్‌ని విడిగా సర్దే చోట, ఆ ఒక్క యాప్ మ్యూట్‌లో ఉంటుంది. లేదా స్పీకర్ పిన్ను సగమే దిగి ఉంటుంది.

శబ్దం మన చెవికి చేరేలోపు వరుసగా ఐదు మజిలీలు దాటాలి: యాప్, విండోస్ మిక్సర్, ఔట్‌పుట్ డివైస్, వైరు లేదా బ్లూటూత్, స్పీకర్. అది ఎక్కడ ఆగిపోయిందో కనిపెడితే సగం పని అయిపోయినట్టే. అందుకే ఈ గైడ్‌లో రిపేర్ కంటే ముందు వెతుకులాట ఉంటుంది.

ఇక్కడ చెప్పే మెనూలు విండోస్ 11వి. విండోస్ 10లో పేర్లు కొంచెం అటూ ఇటూ ఉన్నా దారి అదే. మ్యాక్, లినక్స్ వాళ్లకు కావలసినవి 10వ భాగంలో ఉన్నాయి.

## 1. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవలసినవి

* పనిచేస్తుందని ఖాయంగా తెలిసిన ఒక మామూలు వైరు ఇయర్‌ఫోన్. ఫోన్‌కి పెట్టి విని చూసినదైతే మంచిది.
* కంప్యూటర్‌లోనే సేవ్ చేసిన ఒక పాట ఫైలు. పరీక్ష కోసం వెబ్‌సైట్ వీడియోలు వాడకండి. అక్కడ ఆగిపోయింది సౌండా, ఇంటర్నెట్టా అన్న కొత్త అనుమానం మొదలవుతుంది.
* ఈమధ్య ఏం మారిందో ఒక కాగితం మీద రాసుకోండి. విండోస్ అప్‌డేట్, కొత్త మానిటర్, కొత్త హెడ్‌సెట్, కొత్తగా వేసిన మీటింగ్ యాప్, ఏదైనా సరే.

రెండు జాగ్రత్తలు. పరీక్ష చేస్తున్నంతసేపూ ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకోకండి, పక్కన పట్టుకుని వినండి. ఎక్కడో నూటికి నూరు పెట్టి మరచిపోయిన వాల్యూమ్ ఒక్కసారిగా తెరుచుకుంటే చెవికి ప్రమాదం. రెండోది, ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. పనిచేయకపోతే వెనక్కి రావడం ఇంకా కష్టం.

ఇంకేం చేయకముందే ఒకసారి రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ లోపలి స్థితిలో కొంత భాగం డిస్క్‌లో దాచుకుని మళ్లీ అదే తెరుస్తుంది. చిక్కుపడ్డ డ్రైవర్ చిక్కుపడినట్టే తిరిగొస్తుంది. రీస్టార్ట్‌లో అలా జరగదు. షట్‌డౌనే చేయాలనుకుంటే షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని చేయండి.

## 2. చేత్తో తడిమి చూడాల్సినవి

ఇది చదివి నవ్వొచ్చు. అయినా వదిలేయకండి.

* స్పీకర్‌కి కరెంట్ వస్తోందా? లైటు వెలుగుతోందా? దాని నాబ్ సున్నాలో లేదు కదా?
* డెస్క్‌టాప్ అయితే పిన్ను వెనుక వైపు ఆకుపచ్చ రంధ్రంలో ఉందా? గులాబీ రంగుది మైక్‌కి, నీలం రంగుది బయటి నుంచి శబ్దం లోపలికి తీసుకోవడానికి. రంగులు లేని బోర్డు అయితే పక్కన ఉండే బొమ్మ చూడండి.
* పిన్ను టక్కుమని పూర్తిగా దిగిందా?
* ముందు వైపు జాక్‌లో ఎప్పుడో పెట్టి మరచిపోయిన ఇయర్‌ఫోన్ ఏదైనా ఉందా? ఉంటే వెనుక స్పీకర్లు మూగబోవచ్చు.
* హెడ్‌సెట్ వైరు మీద చిన్న చక్రమో, మ్యూట్ మీటో ఉందా? బట్టలకు రాసుకుని అది తిరిగిపోతుంటుంది.
* కీబోర్డు మీద మ్యూట్ కీ దగ్గర లైటు వెలుగుతోందా?

ల్యాప్‌టాప్‌లో ఇంకో తిరకాసు ఉంది. ఇయర్‌ఫోన్ తీసేసినా ల్యాప్‌టాప్ ఇంకా పెట్టే ఉందనుకుంటుంది, స్పీకర్లకు శబ్దం పంపదు. జాక్ లోపల ఉండే చిన్న స్విచ్ ఇరుక్కుపోవడమో, దూది పోగులు చేరడమో కారణం. పిన్నును పది పదిహేనుసార్లు పెట్టి తీయండి. డబ్బాలో వచ్చే గాలి ఉంటే ఒకసారి ఊదండి. పిన్నీసు, సూది లాంటి ఇనుప వస్తువులు మాత్రం లోపల పెట్టవద్దు. స్విచ్ శాశ్వతంగా వంగిపోతుంది.

## 3. ఆకుపచ్చ గీతల పరీక్ష

ఈ గైడ్‌లో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి.

1. టాస్క్‌బార్‌లో కుడివైపు ఉన్న స్పీకర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి సౌండ్ సెట్టింగ్స్ తెరవండి.
2. కింది దాకా వెళ్తే మోర్ సౌండ్ సెట్టింగ్స్ అని ఉంటుంది. అది నొక్కితే పాతకాలపు చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. (విండోస్ 10లో దీని పేరు సౌండ్ కంట్రోల్ ప్యానెల్.)
3. ప్లేబ్యాక్ ట్యాబ్‌లో మీ డివైస్‌లన్నీ వరుసగా ఉంటాయి. ఒక్కోదాని పక్కన నిలువుగా చిన్న గీతల మెట్లు కనిపిస్తాయి.
4. మ్యూట్ ఎక్కడా లేదని చూసుకుని, సేవ్ చేసిన పాట మోగించండి. ఇప్పుడు ఆ గీతల్ని గమనించండి.

నాలుగు రకాలుగా జరగొచ్చు.

మీ స్పీకర్ పక్కనే గీతలు ఆకుపచ్చగా ఆడుతున్నాయి, కానీ శబ్దం లేదు. విండోస్ తన వంతు పని చేసింది. తప్పు ఆ తర్వాత ఉంది: వైరు, జాక్, స్పీకర్, అరుదుగా డ్రైవర్. తెలిసిన ఇయర్‌ఫోన్ పెట్టి చూడండి. అందులో వినిపిస్తే తప్పు స్పీకర్‌దో, దాని వైరుదో. అందులోనూ రాకపోతే 8వ భాగానికి వెళ్లండి.

గీతలు వేరే డివైస్ పక్కన ఆడుతున్నాయి. దారి తప్పింది. 4వ భాగం చూడండి.

ఎక్కడా గీతలు కదలడం లేదు. శబ్దం యాప్ దాటి బయటికే రాలేదు. 5వ భాగంలో మిక్సర్ సంగతి చూసి, తర్వాత 8లో సర్వీసుల దగ్గరికి వెళ్లండి.

మీ స్పీకర్ ఆ జాబితాలోనే లేదు. ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి షో డిజేబుల్డ్ డివైసెస్, షో డిస్‌కనెక్టెడ్ డివైసెస్ రెండూ టిక్ పెట్టండి. బూడిద రంగులో కనిపిస్తే రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ చేయండి. అప్పటికీ లేకపోతే నేరుగా 8కి వెళ్లండి.

## 4. శబ్దం తప్పు చోటికి వెళ్తుంటే

హెచ్‌డీఎంఐ లేదా డిస్‌ప్లేపోర్ట్ వైరుతో మానిటర్ తగిలిస్తే బొమ్మతోపాటు శబ్దం కూడా ఆ వైరులోంచే వెళ్లగలదు. మానిటర్ తగిలించగానే విండోస్ దాన్నే ఔట్‌పుట్‌గా ఎంచుకోవడం మామూలే. ఆ మానిటర్‌కి స్పీకర్లు లేకపోయినా సరే! బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కూడా ఇంతే. పక్క గదిలో కేసులోంచి తీసి పెడితే చాలు, శబ్దమంతా అటు మళ్లిపోతుంది.

సరిచేసే వరుస:

1. విండోస్ కీ, కంట్రోల్, వి మూడూ కలిపి నొక్కండి. ఔట్‌పుట్ జాబితా, యాప్‌ల వాల్యూమ్‌లు ఒకేచోట తెరుచుకుంటాయి. ఇది కొత్త విండోస్ 11లో ఉంది. రాకపోతే స్పీకర్ గుర్తు నొక్కి, వాల్యూమ్ గీత పక్కన ఉన్న బాణం నొక్కండి.
2. మీ స్పీకర్‌ని ఎంచుకోండి.
3. ప్లేబ్యాక్ ట్యాబ్‌కి వెళ్లి అదే స్పీకర్ మీద రైట్ క్లిక్ చేసి సెట్ యాజ్ డిఫాల్ట్ డివైస్ పెట్టండి. కాల్స్ కోసం డిఫాల్ట్ కమ్యూనికేషన్ డివైస్ అని ఇంకోటి వేరుగా ఉంటుంది. పాటలు వస్తూ మీటింగ్ శబ్దం మాత్రం రాకపోతే కారణం తరచుగా ఇదే.
4. ఎప్పటికీ వాడని మానిటర్ ఔట్‌పుట్‌ని అక్కడే డిజేబుల్ చేసేయండి. మళ్లీ మళ్లీ పెత్తనం తీసుకోకుండా ఉంటుంది.

ఔట్‌పుట్ మార్చాక అప్పటికే తెరిచి ఉన్న యాప్‌ని మూసి మళ్లీ తెరవండి. కొన్ని యాప్‌లు తెరిచినప్పుడు ఏ డివైస్ ఉందో దాన్నే పట్టుకుని కూర్చుంటాయి.

## 5. వాల్యూమ్ గొడవలు

ఎక్కువ ప్రశ్నలు వచ్చేది దీని గురించే కాబట్టి ఇక్కడ కాస్త తీరిగ్గా చూద్దాం.

### 5.1 నూరులో పెట్టినా వినిపించనంత తక్కువగా ఉంటే

వాల్యూమ్ అనేది ఒక్కటి కాదు. వీడియో ప్లేయర్‌లో ఒకటి, మిక్సర్‌లో ఆ యాప్‌కి ఒకటి, మొత్తం సిస్టమ్‌కి ఒకటి, స్పీకర్ మీద నాబ్ ఒకటి. ఇవి ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి. మొదటి మూడూ సగంలో ఉంటే స్పీకర్‌కి చేరేది సగం కాదు, సగంలో సగంలో సగం. అంటే ఎనిమిదో వంతు. అప్పుడు స్పీకర్ నాబ్ పూర్తిగా తిప్పేస్తారు. శబ్దంతోపాటు బుస్సుమనే రొద కూడా పెరుగుతుంది.

నేను పెట్టే పద్ధతి ఇది:

* ప్లేయర్, వీడియో లోపలి వాల్యూమ్: నూరు.
* మిక్సర్‌లో యాప్ వాల్యూమ్: నూరు.
* సిస్టమ్ వాల్యూమ్: 80 దగ్గర.
* రోజూ పెంచేది, తగ్గించేది స్పీకర్ నాబ్‌తో. నాబ్ లేకపోతే సిస్టమ్ వాల్యూమ్‌తో.

ఈ వరుసలో పెట్టేటప్పుడు ముందు నాబ్ బాగా తగ్గించి, మిగతావి పెంచి, చివరికి నాబ్‌ని మెల్లగా తెరవండి.

మిక్సర్ కోసం స్పీకర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ వాల్యూమ్ మిక్సర్ నొక్కండి. యాప్ ఆ జాబితాలో కనిపించాలంటే అది తెరిచి ఉండాలి, వీలైతే ఏదైనా మోగుతూ ఉండాలి. ప్రతి యాప్‌కీ ఔట్‌పుట్ డివైస్ కూడా అక్కడే విడిగా మార్చుకోవచ్చు. బ్రౌజర్‌లో మాత్రమే సౌండ్ లేకపోవడానికి ఇదొక కారణం. ఏం మార్చారో గుర్తులేకపోతే కింద రీసెట్ ఉంది, అది అన్నిటినీ మొదటి స్థితికి తెస్తుంది.

బ్రౌజర్‌లో ఇంకో మెట్టు అదనం. ట్యాబ్ మీద కొట్టేసిన స్పీకర్ బొమ్మ ఉందేమో చూడండి. ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేస్తే అన్‌మ్యూట్ సైట్ కనిపిస్తుంది. ఒకసారి మ్యూట్ చేసిన సైట్ తర్వాత ఎప్పుడు తెరిచినా మ్యూట్‌లోనే ఉంటుంది.

ఇంటర్నెట్‌లో దొరికే వాల్యూమ్ బూస్టర్లు వేయకండి. నూరు దాటించి పెంచితే శబ్దం అంచులు తెగి గరగరమంటుంది, చిన్న ల్యాప్‌టాప్ స్పీకర్లు దెబ్బతినే అవకాశమూ ఉంది. మాటలు మెల్లగా, పాటలు గట్టిగా వస్తున్నాయన్నదే బాధ అయితే స్పీకర్ ప్రాపర్టీస్‌లో (ప్లేబ్యాక్ ట్యాబ్‌లో స్పీకర్ మీద రైట్ క్లిక్ చేస్తే వస్తుంది) ఎన్‌హాన్స్‌మెంట్స్, అంటే శబ్దానికి అదనంగా దిద్దే మెరుగుల కింద, లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ ఉందేమో చూడండి. అన్ని డ్రైవర్లలో అది ఉండదు.

### 5.2 వాల్యూమ్ దానంతటదే తగ్గిపోతుంటే

కాల్ వచ్చినప్పుడు మాత్రమే మిగతా శబ్దాలు తగ్గుతున్నాయా? అయితే అది విండోస్ కావాలనే చేస్తోంది. మోర్ సౌండ్ సెట్టింగ్స్‌లో కమ్యూనికేషన్స్ ట్యాబ్ తెరవండి. మామూలుగా అక్కడ మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించమని ఉంటుంది. డూ నథింగ్ ఎంచుకుని ఓకే నొక్కండి. కొన్నిసార్లు మీటింగ్ యాప్ నేపథ్యంలో తెరిచి ఉన్నా ఇది మొదలవుతుంది.

కాల్ లేకుండానే పెరుగుతూ తగ్గుతూ ఉంటే, తెరమీద వాల్యూమ్ గీత కనిపిస్తోందా లేదా అన్నది గమనించండి.

గీత కనిపిస్తూ కదులుతుంటే ఎవరో బటన్ నొక్కుతున్నట్టే లెక్క. ఇరుక్కున్న వాల్యూమ్ కీ, తడి తగిలిన హెడ్‌సెట్ బటన్, వదులైన కీబోర్డు నాబ్, వీటిలో ఏదో ఒకటి. యూఎస్‌బీ కీబోర్డు, హెడ్‌సెట్, గేమ్ కంట్రోలర్ ఒక్కొక్కటే పీకుతూ పోండి. ఏది తీసినప్పుడు ఆగిందో అదే దొంగ. అన్నీ తీసినా ఆగకపోతే ల్యాప్‌టాప్ సొంత కీబోర్డు మీద అనుమానపడాలి.

గీత కదలకుండానే శబ్దం ఎగుడుదిగుడుగా ఉంటే అది ఎన్‌హాన్స్‌మెంట్ల పని. సౌండ్ సెట్టింగ్స్‌లో మీ స్పీకర్ పేరు నొక్కి, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్‌ని ఆఫ్ చేయండి. స్పేషియల్ సౌండ్ కూడా ఆఫ్ చేయండి. ల్యాప్‌టాప్ కంపెనీ వేసిన సౌండ్ యాప్ వేరుగా ఉంటే దాంట్లోనూ ఎఫెక్టులన్నీ ఆపండి.

### 5.3 వాల్యూమ్ కీలు పనిచేయకపోతే

ముందు టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి మౌస్‌తో గీత జరిపి చూడండి. మౌస్‌తో పనిచేస్తే తప్పు కీబోర్డుది, సౌండ్‌ది కాదు. ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కండి. ఎఫ్ఎన్ లాక్ ఒకటి ఉంటుంది, అది మారితే పై వరుస కీల అర్థమే మారిపోతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కితే అది మారుతుంది. కీబోర్డు బాగయ్యేదాకా స్పీకర్ గుర్తు మీద మౌస్ పెట్టి చక్రం తిప్పినా కొత్త విండోస్ 11లో వాల్యూమ్ మారుతుంది.

### 5.4 గీత జరుగుతుంది కానీ శబ్దం మారదు

మీరు జరుపుతున్నది ఒక డివైస్ వాల్యూమ్, వింటున్నది ఇంకో డివైస్ శబ్దం. మిక్సర్‌లో ఆ యాప్ ఔట్‌పుట్ చూడండి. అది సరిగానే ఉంటే, స్పీకర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ తెరిచి ఎక్స్‌క్లూజివ్ మోడ్ కింద ఉన్న రెండు టిక్కులూ తీసేయండి. కొన్ని మ్యూజిక్ ప్లేయర్లు డివైస్‌ని పూర్తిగా తమ చేతిలోకి తీసుకుంటాయి. అప్పుడు మిగతా యాప్‌లు మూగబోతాయి, మిక్సర్ మాట చెల్లదు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో కంప్యూటర్‌ది ఒక వాల్యూమ్, హెడ్‌ఫోన్‌ది ఒక వాల్యూమ్ వేరువేరుగా ఉండొచ్చు. హెడ్‌ఫోన్ మీద ఉన్న ప్లస్ బటన్ కూడా నొక్కి చూడండి.

## 6. ఒక వైపే రావడం, మాటలు మాయమవడం

ఒక చెవిలోనే వస్తుంటే ఇయర్‌ఫోన్‌ని తిప్పి పెట్టుకోండి, అంటే ఎడమది కుడికి. శబ్దం వచ్చే ముక్క అప్పుడూ అదే అయితే ఇయర్‌ఫోన్ వైరు ఇంకో వైపు తెగిందేమో, ఫోన్‌కి పెట్టి రూఢి చేసుకోండి. ఫోన్‌లో రెండూ పలికితే సౌండ్ సెట్టింగ్స్‌లో స్పీకర్ పేరు నొక్కి లెఫ్ట్, రైట్ చానెళ్ల గీతలు సమానంగా ఉన్నాయా చూడండి. అవి సమానంగా ఉండి కూడా రాకపోతే జాక్ అరిగింది.

పాటలో సంగీతం బాగానే వస్తుంది, గాయని గొంతు మాత్రం ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఈ ఫిర్యాదు వింతగా ఉంటుంది కానీ కారణాలు ముఖ్యంగా రెండే.

* పిన్ను పూర్తిగా దిగకపోయినా, వైరులో గ్రౌండ్ తీగ తెగినా, ఎడమ కుడి చానెళ్ల మధ్య తేడా మాత్రమే వినిపిస్తుంది. గొంతు సాధారణంగా రెండు చానెళ్లలోనూ సమానంగా ఉంటుంది కాబట్టి అదే కొట్టుకుపోతుంది. పిన్ను గట్టిగా నొక్కండి, లేదా ఇంకో వైరు పెట్టండి.
* ఉన్నవి రెండు స్పీకర్లే, విండోస్‌లో మాత్రం 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) అని పెట్టి ఉంటే సినిమా డైలాగులు లేని సెంటర్ స్పీకర్‌కి వెళ్లిపోతాయి. ప్లేబ్యాక్ ట్యాబ్‌లో స్పీకర్ ఎంచుకుని, కాన్ఫిగర్ నొక్కి, స్టీరియో పెట్టండి.

ఒక చెవితోనే వినేవారికి సౌండ్ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో ఉంది. రెండు చానెళ్లూ ఒక్కటై వస్తాయి. ఎవరైనా పొరపాటున ఆన్ చేసి ఉంటే స్టీరియో పోయిందని కంగారుపడేదీ దీనివల్లే.

## 7. గరగర, పటపట, బుర్రుమనే శబ్దం

పటపటమని తెగితెగి వస్తే: ఎన్‌హాన్స్‌మెంట్లు ఆపండి. తర్వాత స్పీకర్ ప్రాపర్టీస్‌లో ఫార్మాట్‌ని 24 బిట్, 48000 హెర్ట్జ్‌కి మార్చి వినండి. తగ్గకపోతే 16 బిట్, 44100. ఇంకా ఎక్కువ అంకెలు పెడితే నాణ్యత పెరుగుతుందనుకుని 192000 పెట్టేవాళ్లున్నారు. మామూలు పాటకు దానివల్ల ఒరిగేదేం లేదు, తెగడం మొదలయ్యే అవకాశం మాత్రం పెరుగుతుంది. యూఎస్‌బీ స్పీకర్ అయితే హబ్‌లోంచి తీసి నేరుగా కంప్యూటర్‌కి పెట్టండి.

బ్లూటూత్‌లో తెగుతుంటే: బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు అదే ప్రాంతంలో రొద పుట్టిస్తాయి. బ్లూటూత్ డాంగిల్ వాటి పక్కనే ఉంటే చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టండి.

బ్లూటూత్‌లో మీటింగ్ మొదలవగానే శబ్దం పాత టెలిఫోన్‌లా అయిపోతే: హెడ్‌సెట్ చెడిపోలేదు. దాని మైక్ వాడటం మొదలవగానే అది కాల్స్ కోసం ఉన్న తక్కువ నాణ్యత పద్ధతికి మారింది. మీటింగ్ యాప్‌లో మైక్‌గా ల్యాప్‌టాప్ మైక్‌ని ఎంచుకోండి, వినడానికి హెడ్‌సెట్ ఉంచుకోండి.

బుర్రుమని ఆగకుండా వస్తే: ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. ఆగిపోతే గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్ దారులు వేరువేరుగా ఉండి వాటి మధ్య ఆడియో వైరులోంచి కరెంట్ పారడం. కంప్యూటర్, స్పీకర్ రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టండి. అప్పటికీ ఉంటే ఆడియో వైరు మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ దొరుకుతుంది. ప్లగ్ ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరైనా చిట్కా చెబితే వినకండి. బుర్రు పోతుందేమో కానీ షాక్ నుంచి కాపాడేది ఆ పిన్నే.

మౌస్ కదిపినప్పుడల్లా సన్నగా కీచుమంటే: డెస్క్‌టాప్ ముందు జాక్‌కి వెళ్లే లోపలి వైరు చుట్టుపక్కల రొదను పట్టుకుంటోంది. వెనుక జాక్ వాడండి.

## 8. సర్వీసులు, డ్రైవర్లు

ఇక్కడి దాకా వచ్చారంటే పై భాగాలన్నీ నిజంగానే చేశారనుకుంటున్నాను.

సౌండ్ సెట్టింగ్స్‌లో ట్రబుల్‌షూట్ కామన్ సౌండ్ ప్రాబ్లమ్స్ అని ఉంటుంది. ఒకసారి నడపండి, పోయేదేం లేదు. దానిమీద పెద్ద ఆశ మాత్రం పెట్టుకోవద్దు.

ముందు సర్వీసులు, అంటే తెర వెనుక నడిచే విండోస్ ప్రోగ్రాములు:

1. స్టార్ట్ నొక్కి సర్వీసెస్ అని వెతికి తెరవండి.
2. విండోస్ ఆడియో ఎండ్‌పాయింట్ బిల్డర్ మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్ నొక్కండి. విండోస్ ఆడియోని కూడా కలిపి రీస్టార్ట్ చేయాలా అని అడుగుతుంది, సరేననండి.
3. రెండిటికీ స్టార్టప్ టైప్ ఆటోమేటిక్ అని ఉందా చూడండి.

సేఫ్ మోడ్‌లో తెరిస్తే ఎలాగూ సౌండ్ రాదు. అది చూసి కంగారు పడొద్దు.

తర్వాత డ్రైవర్, ఈ వరుసలోనే:

1. స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి, సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్ విప్పండి. కింది బాణం గుర్తు ఉంటే డిజేబుల్ అయిందని అర్థం, ఎనేబుల్ చేస్తే చాలు. పసుపు త్రికోణం ఉంటే డ్రైవర్ సమస్య.
2. సమస్య అప్‌డేట్ తర్వాతే మొదలైతే, డివైస్ ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్ తెరిచి రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. అది మసకగా ఉంటే పాత డ్రైవర్ మిగలలేదు.
3. అన్‌ఇన్‌స్టాల్ డివైస్ చేసి రీస్టార్ట్ చేయండి. డ్రైవర్ ఫైళ్లను కూడా తీసేయమని అడిగే టిక్కు పెట్టవద్దు. విండోస్ అదే డ్రైవర్‌ని శుభ్రంగా మళ్లీ ఎక్కిస్తుంది.
4. అప్పటికీ రాకపోతే అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, కంప్యూటర్‌లో ఉన్న జాబితా నుంచి ఎంచుకునే దారిలో వెళ్లి హై డెఫినిషన్ ఆడియో డివైస్ పెట్టండి. ఇది మైక్రోసాఫ్ట్ సొంత మామూలు డ్రైవర్. హంగులుండవు కానీ రియల్‌టెక్ (చాలా కంప్యూటర్లలో సౌండ్ చిప్పు ఈ కంపెనీదే) డ్రైవర్ మొరాయించినప్పుడు చాలాసార్లు ఇదే ఆదుకుంటుంది.
5. చివరగా, మీ ల్యాప్‌టాప్ లేదా మదర్‌బోర్డు కంపెనీ సైట్‌లో సరిగ్గా మీ మోడల్ నంబరు పేజీ నుంచి ఆడియో డ్రైవర్ తెచ్చుకుని వేయండి.

హెచ్‌డీఎంఐలో మాత్రమే శబ్దం రాకపోతే రియల్‌టెక్‌ని ఎంత కెలికినా లాభం లేదు. ఆ శబ్దం గ్రాఫిక్స్ కార్డ్ నుంచి వస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవర్‌ని సరిచేయాలి. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లలో సిస్టమ్ డివైసెస్ కింద ఇంటెల్ స్మార్ట్ సౌండ్ అనే పేరుతో ఉన్నదాన్ని కూడా చూడండి. దానికి పసుపు గుర్తు ఉంటే స్పీకర్లు జాబితాకే ఎక్కవు.

డివైస్ మేనేజర్‌లో ఆడియో అన్నదే లేకపోతే బయోస్ (విండోస్ మొదలవకముందే తెరుచుకునే కంప్యూటర్ సొంత సెట్టింగుల మెనూ) తెరిచి ఆన్‌బోర్డ్ ఆడియో ఎనేబుల్‌లో ఉందా చూడండి.

అన్ని డ్రైవర్లనూ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తామనే ప్రోగ్రాములకు దూరంగా ఉండండి. తప్పు మోడల్ డ్రైవర్ ఎక్కించి, ఉన్న కాస్త సౌండ్‌ని కూడా పోగొట్టగలవు.

## 9. మైక్ వినిపించకపోతే

విండోస్ సెట్టింగ్స్‌లోని ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో మైక్రోఫోన్ తెరవండి. మొత్తం కంప్యూటర్‌కి ఒక స్విచ్, యాప్‌లకు ఒకటి, డెస్క్‌టాప్ యాప్‌లకు ఒకటి ఉంటాయి. బ్రౌజర్, మీటింగ్ ప్రోగ్రాములకు కిందిది కూడా కావాలి. తర్వాత మోర్ సౌండ్ సెట్టింగ్స్ కిటికీలో రికార్డింగ్ ట్యాబ్ తెరిచి, మాట్లాడుతూ గీతలు చూడండి, 3వ భాగంలోని పరీక్షే.

డెస్క్‌టాప్‌లో హెడ్‌సెట్ మైక్ పలకకపోతే పిన్ను చూడండి. మూడు నల్ల గీతలుంటే అందులో మైక్, ఇయర్‌ఫోన్ రెండూ కలిసి ఉన్నాయి. దాన్ని ఆకుపచ్చ రంధ్రంలో పెడితే వినపడుతుంది కానీ మన మాట వెళ్లదు. ఒక పిన్నును రెండుగా విడగొట్టే స్ప్లిటర్ కావాలి.

మన గొంతు అవతలివాళ్లకు పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తే, మీటింగ్ యాప్ సెట్టింగ్స్‌లో మైక్ వాల్యూమ్‌ని ఆటోమేటిక్‌గా సర్దే టిక్కు తీసేయండి.

## 10. మ్యాక్, లినక్స్

మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, సౌండ్, ఔట్‌పుట్ చూడండి. మానిటర్‌కి హెచ్‌డీఎంఐలో శబ్దం వెళ్తున్నప్పుడు వాల్యూమ్ గీత మసకబారితే అది లోపం కాదు, మానిటర్ బటన్లతోనే పెంచుకోవాలి. శబ్దం మొత్తం ఆగిపోతే యాక్టివిటీ మానిటర్‌లో కోర్‌ఆడియోడి అనే ప్రాసెస్‌ని క్విట్ చేయండి, అది వెంటనే మళ్లీ మొదలవుతుంది. ఆప్షన్, షిఫ్ట్ పట్టుకుని వాల్యూమ్ కీ నొక్కితే పావు మెట్టు చొప్పున మారుతుంది.

లినక్స్‌లో టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరిచి, ఎఫ్6తో సరైన కార్డు ఎంచుకోండి. చానెల్ కింద ఎమ్ఎమ్ అని ఉంటే మ్యూట్. ఎమ్ కీ నొక్కితే తెరుచుకుంటుంది. అక్కడే ఆటో మ్యూట్ మోడ్ కూడా చూడండి, ముందు జాక్‌లో ఏదైనా ఉంటే వెనుక స్పీకర్లను ఆపేది అదే. పల్స్ఆడియో వాల్యూమ్ కంట్రోల్ ప్రోగ్రాములో కాన్ఫిగరేషన్ ట్యాబ్ కింద కార్డు ప్రొఫైల్ ఆఫ్‌లో పడి ఉందేమో చూడటం మరవకండి.

## 11. ఏదీ పనిచేయకపోతే: చెడింది విండోసా, చిప్పా?

ఉబుంటు లాంటి లినక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అనే దారిలో కంప్యూటర్‌ని దాంతో తెరవండి. హార్డ్ డిస్క్‌లో ఉన్నదేదీ మారదు. అక్కడ సౌండ్ వస్తే హార్డ్‌వేర్ బాగుంది, విండోస్‌లోనే తప్పు ఉంది. సిస్టమ్ రీస్టోర్‌తో పాత తేదీకి వెళ్లడమో, విండోస్ రీసెట్ చేయడమో ఆలోచించవచ్చు. అక్కడా రాకపోతే జాకో, సౌండ్ చిప్పో పోయిందనే అనుమానం బలపడుతుంది. మరీ కొత్త మోడల్ ల్యాప్‌టాప్‌లలో లినక్స్ డ్రైవరే లేకపోవచ్చు కాబట్టి అలాంటివాటిలో ఈ పరీక్షను నూటికి నూరుపాళ్లు నమ్మకండి.

చిప్పు పోయినంత మాత్రాన మదర్‌బోర్డు మార్చక్కర్లేదు. పెన్‌డ్రైవ్ అంత ఉండే యూఎస్‌బీ సౌండ్ కార్డు దొరుకుతుంది. దాంట్లో చిప్పు, జాక్‌లు దానివే ఉంటాయి, పాతదాంతో పని లేదు. చాలావాటికి డ్రైవర్ కూడా వేయక్కర్లేదు.

* సౌండ్ కార్డు పెట్టి, స్పీకర్ పిన్ను అందులోకి మార్చండి.
* ఔట్‌పుట్ జాబితాలో యూఎస్‌బీ ఆడియో పేరుతో ఉన్నదాన్ని ఎంచుకుని డిఫాల్ట్ చేయండి.
* మైక్ కూడా దానికే పెడితే ఇన్‌పుట్‌లోనూ మార్చండి.
* డివైస్ మేనేజర్‌లో పాత ఆడియో డివైస్‌ని డిజేబుల్ చేయండి. లేకపోతే అప్‌డేట్ వచ్చినప్పుడల్లా విండోస్ మళ్లీ దానివైపే మొగ్గుతుంది.
* ప్రతిసారీ అదే యూఎస్‌బీ పోర్టులో పెట్టండి. పోర్టు మారిస్తే విండోస్ దాన్ని కొత్త డివైస్ అనుకుని వాల్యూమ్, డిఫాల్ట్ సెట్టింగులు మొదటికి తేవచ్చు.